మన సరుకు క్షేమంగా ఉన్నా ఓడ నష్టంలో వాటా ఎందుకు కట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పలాసలో జీడి ఫ్యాక్టరీ నడుపుతున్నారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి జీడి పిక్కలు తెప్పించారు. దారిలో ఓడలో మంటలు లేచాయి, నీళ్లు కొట్టి ఆర్పారు. మీ కంటైనర్లకు ఏమీ కాలేదు. అయినా విశాఖలో డెలివరీ ఆర్డర్ ఇవ్వాలంటే జనరల్ ఏవరేజ్ (ఓడను, సరుకును కాపాడడానికి పోగొట్టుకున్నదాన్ని అందరూ పంచుకునే పద్ధతి) బాండ్ మీద సంతకం పెట్టి, డబ్బు డిపాజిట్ చేయమంటున్నారు. క్లియరింగ్ ఏజెంట్‌ని అడిగితే "రోమన్ల కాలం నాటి రూలండీ, తప్పదు" అన్నాడు. అది నిజమేనా, అంత పాత రూలు ఇవాళ మన మీద ఎలా చెల్లుతుంది, కట్టాల్సిందేనా అని అడిగారు.

కట్టాల్సిందే. కానీ అడిగినంతా కళ్లు మూసుకుని కట్టనక్కర్లేదు. ఏజెంట్ చెప్పిందీ నిజమే. నిజానికి ఆ రూలు రోమన్ల కంటే పాతది, వాళ్లు గ్రీకుల దగ్గర నేర్చుకున్నారు. నేను విశాఖ హార్బర్‌లో కార్గో సర్వేయర్‌గా మొదలై, తర్వాత మెరైన్ క్లెయిముల పనిలోనే తల నెరిసినవాణ్ణి. ఈ కాయితం చేతికొచ్చినప్పుడు మీలాగే కోపం తెచ్చుకున్న వ్యాపారులను చాలామందిని చూశాను. రూలు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ గట్టిగా నిలబడాలో తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రూలు సంగతి. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి పాత న్యాయవేత్తల అభిప్రాయాలన్నీ ఏరి డైజెస్ట్ అనే పెద్ద సంకలనం తెచ్చాడు. అందులో 14వ పుస్తకంలో సముద్రంలోకి విసిరేసిన సరుకు గురించి ఒక భాగమే ఉంది. దాన్ని గ్రీకుల రోడ్స్ ద్వీపం వారి చట్టం అని పేరు చెప్పి మరీ ఉదహరించారు. పౌలుస్ అనే న్యాయవేత్త చెప్పిన సారాంశం ఇంతే: ఓడ బరువు తగ్గించడానికి సరుకు విసిరేస్తే, అందరి కోసం పోగొట్టుకున్నదాన్ని అందరూ వాటాలు వేసుకుని పూడ్చాలి.

తుపానులో ఎవరి మూట ముందు విసరాలి అనే తగాదా మొదలైతే అందరూ మునుగుతారు. ఎవరి మూట పోయినా నష్టం అందరిదీ అని ముందే ఒప్పందం ఉంటే, కెప్టెన్ చేతికి అందింది విసిరేసి ఓడను కాపాడతాడు. మీ ఓడలో నీళ్లు కొట్టినప్పుడు జరిగింది అదే. మంట పక్కనున్న కంటైనర్ల వాళ్ల సరుకు తడిసింది కాబట్టే మీ పిక్కలు పొడిగా విశాఖ చేరాయి.

లెక్క ఎలా వేస్తారో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. ఓడ విలువ 60 కోట్లు, సరుకులన్నీ కలిపి 40 కోట్లు అనుకోండి. ఆర్పడానికి కొట్టిన నీళ్లతో 5 కోట్ల సరుకు పాడైంది. దగ్గరి రేవుకు ఓడను మళ్లించడం, సరుకు దించి ఎక్కించడం వంటి ఖర్చులు 3 కోట్లు. మొత్తం 8 కోట్లు, వంద కోట్ల మీద నూటికి 8. మీ సరుకు 50 లక్షలదైతే మీ వాటా 4 లక్షలు. ఓడ యజమాని వాటా 4 కోట్ల 80 లక్షలు. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. 5 కోట్ల సరుకు తడిసినవాళ్లకు కూడా పూర్తిగా 5 కోట్లు రావు. వాళ్ల వాటా 40 లక్షలు పోను 4 కోట్ల 60 లక్షలే వస్తుంది. అంటే చివరికి అందరూ ఒకే నిష్పత్తిలో నష్టపోతారు. ఇంత న్యాయంగా నష్టాన్ని పంచే పద్ధతి నా అనుభవంలో ఇంకొకటి చూడలేదు.

డెలివరీ ఆర్డర్ ఆపడం మీకు దౌర్జన్యంలా అనిపించింది కదా. అదీ డైజెస్ట్‌లో ఉన్నదే. సరుకు పోయినవాడు ఓడ మాస్టర్ (కెప్టెన్) మీద దావా వేయాలి, మాస్టర్ మిగతావాళ్ల సరుకును వాటా కట్టేదాకా తన దగ్గర ఆపుకోవాలి అని చెప్పారు. ఇవాళ మనం లియన్ అంటున్నది దాన్నే. సరుకు ఒకసారి గోడౌన్‌కు చేరిపోయాక వేర్వేరు దేశాల్లోని వందలమంది దగ్గర వాటాలు వసూలు చేయడం అయ్యే పని కాదు. 2021లో సూయజ్ కాలువలో ఇరుక్కున్న ఎవర్ గివెన్ మీద 18 వేలకు పైగా కంటైనర్లు ఉన్నాయి. ఆ ఓడ యజమానులు కూడా జనరల్ ఏవరేజ్ ప్రకటించారు.

ఇక మీకు పనికొచ్చే భాగం. పోయినదంతా జనరల్ ఏవరేజ్ కాదు. అందరి కోసం కావాలని వదులుకున్నది మాత్రమే అందరి ఖాతాలో పడుతుంది. దానంతటదే పోయింది పోగొట్టుకున్నవాడి ఖాతాలోనే ఉంటుంది. తుపానుకు ఓడ దెబ్బతింటే ప్రయాణికులు, వర్తకులు వాటా ఇవ్వనక్కర్లేదని పౌలుస్ రాశాడు. కమ్మరి పనిచేస్తుండగా తన దాగలి పగిలితే దాని ఖరీదు పని ఇచ్చినవాడి మీద వేయడు కదా అన్నది అతని పోలిక. ఈ తేడా ఇవాళ్టికీ అలాగే ఉంది. జనరల్ ఏవరేజ్ లెక్కకు ప్రపంచమంతా వాడే యార్క్ ఆంట్వెర్ప్ నియమాల్లో మూడోది మంటల గురించి. ఆర్పడానికి వాడిన నీళ్ల వల్ల కలిగిన నష్టం అందరిదీ. మంట వేడి వల్ల, పొగ వల్ల కలిగిన నష్టం ఎవరిది వాళ్లదే.

కాబట్టి అడ్జస్టర్ (ఎవరి వాటా ఎంతో తేల్చే నిపుణుడు) లెక్క వచ్చినప్పుడు మీరు చూడాల్సింది ఇదే. కాలిన సరుకును తడిసిన సరుకుతో కలిపి రాశారా? పొగ పట్టిన సరుకును కూడా చేర్చారా? ఒక కేసులో నేను సర్వే ఫొటోలు ముందు పెట్టుకుని ఒక్కో కంటైనర్‌నీ విడదీయించాల్సి వచ్చింది. పై వరుసలో ఉన్నవి పొగకు పాడైనవి, నీటి చుక్క తగల్లేదు. వాటిని జాబితాలోంచి తీయించాక మా వాళ్ల వాటా బాగా తగ్గింది.

చట్టం ఎక్కడి నుంచి ఎలా వచ్చిందన్నది మీ రెండో ప్రశ్న. రోడ్స్ వారి అసలు చట్టం రాతప్రతి మనకు మిగల్లేదు. రోమన్లు ఉదహరించిన ముక్కలే ఉన్నాయి. డైజెస్ట్‌లోనే ఒక వినతి ఉంది. నికోమీడియా ఊరి యుడీమన్ అనే అతను ఓడ పగిలి ఒడ్డుకు చేరితే, దీవుల్లో సుంకం వసూలు చేసేవాళ్లు తన సొత్తు దోచుకున్నారని ఆంటోనైనస్ చక్రవర్తికి మొర పెట్టుకున్నాడు. దానికి చక్రవర్తి జవాబు: ప్రపంచానికి నేను ప్రభువును, సముద్రానికి చట్టమే ప్రభువు, మా శాసనాలకు విరుద్ధం కానంతవరకు రోడ్స్ వారి సముద్ర చట్టం ప్రకారం తీర్పు చెప్పాలి. అంత పెద్ద సామ్రాజ్యాధిపతి వర్తకుల చట్టానికి ఇచ్చిన గౌరవం అది. నాకు ఎంతో ఇష్టమైన పాత తీర్పు ఏదంటే ఇదే చెబుతాను.

ఆ తర్వాత బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) వాళ్లు ఏడు, ఎనిమిది శతాబ్దాల ప్రాంతంలో తమ సొంత సముద్ర చట్టం కూర్చుకుని దానికీ రోడ్స్ పేరే పెట్టుకున్నారు. పడమటి తీరంలో, ఫ్రాన్స్ దగ్గర ఒలెరాన్ ద్వీపం పేరుతో మరో నియమావళి వచ్చింది. బోర్డో నుంచి ద్రాక్షసారా పీపాలు మోసే ఓడల వాళ్లు దాన్ని పాటించేవారు. అందులో ఒక నియమం చూడండి. సరుకు విసిరేయాల్సి వస్తే మాస్టర్ ముందు ఓడ మీదున్న వర్తకులను అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోయినా ప్రాణాపాయం అనిపిస్తే విసరవచ్చు. కానీ ఒడ్డు చేరాక, ఓడను, మనుషులను కాపాడడానికే ఆ పని చేశానని తన నావికుల్లో కొందరితో కలిసి ప్రమాణం చేయాలి. ఇవాళ తుపాను దాటి వచ్చిన కెప్టెన్ రేవులో దిగగానే దారిలో ఏం జరిగిందో చెబుతూ నోటరీ ముందు నోట్ ఆఫ్ ప్రొటెస్ట్ ఇస్తాడు. దాని వెనక ఉన్న ఆలోచన ఇదే. మీ ఓడ కెప్టెన్ ఇచ్చిన ప్రొటెస్ట్ కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. మంట ఎక్కడ, ఎప్పుడు మొదలైందో మొదటి మాట అందులోనే ఉంటుంది.

ఒలెరాన్ నియమాలు ఓడల తగాదాలు విచారించే ఇంగ్లండ్ అడ్మిరాల్టీ కోర్టుకు చేరాయి. ఆ కోర్టు అధికారాలు 1891 చట్టంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకు వచ్చాయి. అప్పుడు విశాఖ మద్రాసు కిందే ఉండేది. జనరల్ ఏవరేజ్ నష్టం గురించి మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో 66వ సెక్షన్ ఉంది. మీ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రవాణా పత్రం) వెనక చిన్న అక్షరాల్లో యార్క్ ఆంట్వెర్ప్ నియమాల పేరు కూడా ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. రోమన్ రూలు మీ మీద చెల్లడానికి అసలు కారణం ఆ అక్షరాలే. మీరు, లేదా మీ తరఫున అమ్మినవాడు, ఆ షరతుకు ఒప్పుకునే సరుకు ఎక్కించారు.

ఇక్కడ కొందరు "ఇవన్నీ మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉన్నాయి" అంటారు. ఇంకొందరు "అన్నిటికీ మూలం హమ్మురాబీ" అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు.

ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబీ శిలాశాసనం 1901లో సూసా తవ్వకాల్లో బయటపడింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో పడవల గురించి మంచి నియమాలున్నాయి. పడవ కట్టిన ఏడాదిలోపు కారితే కట్టినవాడే సొంత ఖర్చుతో విప్పి మళ్లీ కట్టివ్వాలి. అజాగ్రత్తతో పడవ ముంచినవాడు పడవ ధర, అందులోని ధాన్యం, ఉన్ని, నూనె, ఖర్జూరాల ధర చెల్లించాలి. గ్యారంటీ, రవాణాదారు బాధ్యత రెండూ ఉన్నాయి. అయితే అవన్నీ ఒకడి తప్పుకు ఒకడు చెల్లించే నియమాలు. ఎవరి తప్పూ లేకుండా అందరూ పంచుకునే నియమం అందులో లేదు.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం కూడా ఇలాంటి గీతే గీసింది. పడవవాళ్ల తప్పు వల్ల సరుకు పాడైతే వాళ్లంతా తలా ఇంత వేసుకుని ఇచ్చుకోవాలి, దైవికంగా జరిగితే దండన లేదు. యాజ్ఞవల్క్య స్మృతిలో ఇంకా ఆసక్తికరమైన మాట ఉంది. కలిసి వ్యాపారం చేసేవాళ్లలో ఒకడు ఆపద నుంచి సరుకును కాపాడితే వాడికి అందులో పదోవంతు. ఇది జనరల్ ఏవరేజ్ కాదు, సాల్వేజ్ అవార్డుకు, అంటే ఆపదలో ఉన్న ఓడను, సరుకును కాపాడినవాళ్లకు ఇచ్చే పారితోషికానికి దగ్గరగా ఉంది. అదే స్మృతిలో సముద్రం మీద వెళ్లేవాళ్ల అప్పుకు నూటికి నెలకు ఇరవై వడ్డీ. అర్థశాస్త్రంలోనూ అదే రేటు. ఓడ పోతే అప్పూ పోతుందనే భయం ఆ వడ్డీలో ఉంది. అర్థశాస్త్రం మరో మాట చెబుతుంది. గాలికి దెబ్బతిని వచ్చిన ఓడను నావాధ్యక్షుడు (ఓడల మీద అధికారి) తండ్రిలా ఆదుకోవాలి, నీళ్లలో తడిసిన సరుకు మీద సుంకం వదిలేయాలి లేదా సగమే తీసుకోవాలి.

మన తెలుగు గడ్డ మీద మాత్రం దీనికి సాక్ష్యం రాతిలోనే ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం. తుపానుకు కొట్టుకొచ్చి తీరం తాకిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏవి ఉన్నా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద దయతో మేం అదంతా వదిలేస్తున్నాం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయం ఇచ్చాడు. ఇంగ్లండ్‌లో ఇలాంటి రక్షణ 1275 వెస్ట్‌మినిస్టర్ శాసనంలో కనిపిస్తుంది. పగిలిన ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే అది దిక్కులేని సొత్తు కాదు, యజమాని ఏడాది మీద ఒక రోజులోగా వచ్చి అడగవచ్చు అని. మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలోనూ పగిలిన ఓడ సొత్తు కోసం యజమానికి ఏడాది గడువే పెట్టారు.

2020 అక్టోబరులో "ఎం.వి. మా" అనే బంగ్లాదేశ్ ఓడ ఈదురుగాలులకు విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. మీరూ వెళ్లి ఫొటో తీసుకునే ఉంటారు. గణపతిదేవుడికి ముందు రాజుల కాలమైతే అది తీరం ఏలేవాడి సొత్తయిపోయేది.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన వారసత్వం ఉన్నట్టు కాదు. మోటుపల్లి శాసనం నుంచి ఇవాళ్టి కోర్టు తీర్పు దాకా తెగని దారం లేదు. మనకు నేటి చట్టం రోడ్స్, రోమ్, ఒలెరాన్, లండన్ మీదుగా తిరిగి వచ్చింది. అలా అని గణపతిదేవుడి గొప్పతనం తగ్గదు. వేర్వేరు దేవుళ్లను కొలిచే, వేర్వేరు భాషలు మాట్లాడే తీరాల వాళ్లు ఒకే ఇబ్బందికి దాదాపు ఒకే పరిష్కారానికి చేరుకున్నారు. ఆ రాజ్యాలన్నీ పోయినా నియమాలు నిలిచింది వాటి అవసరం ఇంకా తీరలేదు కాబట్టే అని నా నమ్మకం.

పాతదంతా పవిత్రం అనుకోవద్దని కూడా చెప్పాలి. హమ్మురాబీ శాసనంలో దెబ్బ తిన్నవాడి హోదాను బట్టి శిక్ష మారుతుంది. మనువులో వర్ణాన్ని బట్టి మారుతుంది. సముద్ర చట్టంలోనూ ఒక ఘోరం ఉంది. స్వతంత్రుల ప్రాణాలకు వెల కట్టలేం కాబట్టి ఆ లెక్కలోకి మనుషులు రారని డైజెస్ట్ చెప్పింది. కానీ 1781లో జోంగ్ అనే బానిసల ఓడ వాళ్లు 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి తోసేసి, నీళ్లు చాలక తప్పలేదంటూ సరుకు పోయినట్టుగా ఇన్సూరెన్స్ అడిగారు. మొదట జ్యూరీ యజమానుల పక్షానే తీర్పిచ్చింది. 1783లో పై కోర్టు మళ్లీ విచారణ జరపమంది, కానీ హత్య కేసు మాత్రం ఎవరి మీదా నడవలేదు. న్యాయమైన నియమం కూడా మనిషిని సరుకుగా చూసేవాడి చేతిలో పడితే ఏమవుతుందో ఈ కేసు చెబుతుంది. ఈ రంగంలోకి వచ్చే ప్రతి కుర్రవాడి చేతా దీన్ని చదివిస్తాను.

సరే, మీరు ఇప్పుడు చేయాల్సింది. ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఇవాళే కంపెనీకి మెయిల్ పెట్టండి. అన్నిటికంటే చౌక అయిన "C" క్లాజ్ పాలసీలో కూడా జనరల్ ఏవరేజ్ కవర్ అవుతుంది. వాళ్లే గ్యారంటీ ఇస్తారు, మీరు నగదు డిపాజిట్ కట్టనక్కర్లేదు. సీ అండ్ ఎఫ్ (సరుకు ధర, ఓడ కిరాయి మాత్రమే కలిసిన) రేటుకు కొని ఇన్సూరెన్స్ చేయించకపోతే మాత్రం డిపాజిట్ తప్పదు. రసీదు అడ్జస్టర్ పేరు మీద తీసుకోండి, తర్వాత మిగులు వాపసు రావాలంటే అదే ఆధారం. సాల్వేజ్ కంపెనీ వచ్చి ఉంటే దానికి విడిగా ఇంకో సెక్యూరిటీ అడుగుతారు. రెండూ ఒకటే అనుకుని ఒకదానితో ఊరుకుంటే సరుకు కదలదు.

సరుకు విలువ వాణిజ్య ఇన్‌వాయిస్ ప్రకారమే రాయండి. మీ పిక్కలు కొంత తడిసో, బూజు పట్టో ఉంటే సీఎఫ్ఎస్‌లో (కంటైనర్లు ఉంచి విప్పే గోడౌన్‌లో) కంటైనర్ తెరిచేటప్పుడే సర్వే చేయించండి. అంతమేరకు మీ వాటా తగ్గుతుంది.

బాండ్ మీద సంతకం పెట్టేటప్పుడు, ఓడ యజమాని తప్పు ఉంటే అడ్డు చెప్పే హక్కు వదులుకోవడం లేదని పక్కన రాయించండి. ప్రయాణానికి ముందు ఓడను సరిగ్గా సిద్ధం చేయలేదని రుజువైతే యజమానికి వాటా ఇవ్వకుండా పోరాడవచ్చు. ఎవరైనా ప్రమాదకరమైన సరుకును తప్పుడు పేరుతో ఎక్కించడం వల్ల మంట లేచి ఉంటే, వాడి సరుకు పోయినా వాడికి ఒక్క రూపాయి రాదు, మిగిలితే మాత్రం వాటా కట్టాలి. కంటైనర్ ఓడల్లో మంటలకు ఇలాంటి దొంగ డిక్లరేషన్లు తరచూ కారణం, కాబట్టి ఈ ప్రశ్న అడ్జస్టర్‌కు రాతపూర్వకంగా వేయండి.

తగాదా కోర్టు దాకా వెళ్తే ఎక్కడికి వెళ్లాలన్న టెన్షన్ వద్దు. 1984లో ఎం.వి. ఎలిసబెత్ అనే విదేశీ ఓడను మన విశాఖ రేవులోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అరెస్ట్ చేశారు. బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండా మార్మగోవా నుంచి సరుకు పట్టుకుపోయిందని గోవా కంపెనీ ఫిర్యాదు. మీ హైకోర్టుకు ఆ అధికారమే లేదు, పాత ఇంగ్లిష్ చట్టం దగ్గరే మీరు ఆగిపోయారు అని ఓడ తరఫున వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. మన హైకోర్టుల అధికారం వలస పాలన నాటి చట్టం దగ్గర గడ్డకట్టుకుపోలేదని చెప్పింది. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న అడ్మిరాల్టీ చట్టం ఇప్పుడు దీన్ని స్పష్టంగా రాసింది. జనరల్ ఏవరేజ్, సాల్వేజ్ రెండూ దాని జాబితాలో ఉన్నాయి. కాబట్టి మీ వ్యవహారానికి మన హైకోర్టే చాలు.

ముందు బిల్ ఆఫ్ లేడింగ్ రెండు వైపులా స్కాన్ చేయించి, అడ్జస్టర్ పంపిన మొదటి ఉత్తరంతో పాటు ఇక్కడ పెట్టండి, పేర్లు, నంబర్లు చెరిపేసి. ఏ సంవత్సరపు యార్క్ ఆంట్వెర్ప్ నియమాలు రాశారో చూసి చెబుతాను. 1994 నియమాలకు, 2016 నియమాలకు వడ్డీ లెక్కలోనూ, గడువుల్లోనూ తేడాలున్నాయి. 2016వైతే, అడ్జస్టర్ తుది లెక్క ఇచ్చాక మామూలుగా ఏడాదిలోపే దావా వేయాలి.